పికప్ అంచున మైనం

మా బ్యాండ్‌లో నా గిటారు ఎవరికీ వినిపించేది కాదు. ఈ సంగతి మొదట బయటపెట్టినవాడు మా డ్రమ్మరు. ఒక ఆదివారం సాధన అయ్యాక, సాల్ట్ లేక్‌లో మేం అద్దెకు తీసుకునే గదిలో చెమట తుడుచుకుంటూ, "ఇందాకటి పాటలో నువ్వు వాయించావా?" అని అడిగాడు. వేళాకోళం కాదు. అతనికి నిజంగానే తెలియలేదు.

మేం నలుగురం. అందరివీ అక్కడి సెక్టార్ ఫైవ్‌లో ఐటీ ఉద్యోగాలే, అందరికీ ముప్పై దాటాయి. వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చుని, ఆదివారం పొద్దున రెండు గంటలపాటు చెవులు దిమ్మెక్కేలా వాయిస్తాం. నలుగురిలో నేనొక్కదాన్నే ఆడదాన్ని. నాది రిథమ్ గిటారు. పాటకి వెన్నెముకలా ఉండాల్సిన వాయిద్యం. ఆ వెన్నెముక ఉందో లేదో తెలియడం లేదని డ్రమ్మరు అన్నాక, మా లీడ్ గిటారిస్టు నా గిటారు తీసుకుని రెండు తీగలు మీటి చూశాడు. "నీ చేతిలో లోపం లేదు. పికప్‌లలో బలం లేదు. మార్చెయ్" అన్నాడు.

ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద వస్తువులు రెండు ఉంటాయి. అవే పికప్‌లు. లోపల అయస్కాంతం, దాని పైన వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ వేల చుట్లు. పైన గిటారు తీగ కదిలితే ఆ చుట్లలో చిన్న కరెంటు పుడుతుంది. ఆ కరెంటే యాంప్లిఫయర్లోకి వెళ్ళి చప్పుడవుతుంది. చుట్లు ఎక్కువైనా, అయస్కాంతం గట్టిదైనా బలం పెరుగుతుంది. నా గిటారు ఉద్యోగంలో చేరిన ఏడాది ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. దాని పికప్‌లు నెమ్మదైన పాటలకు పనికొస్తాయి, మా పాటలకు కాదు.

కొత్తవి ఏవి కొనాలా అని ఆరు వారాలు వెతికాను. మేముండే సంత్రాగాఛి నుంచి హుగ్లీ నది అవతల సాల్ట్ లేక్‌కి వెళ్ళే ఆఫీసు బస్సులో, పోను రాను, అదే పని. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఎదుటివాడు "పనిచేస్తోంది" అంటే నమ్మకపోవడానికే నాకు జీతమిస్తారు. ఆ అలవాటు పికప్‌ల దగ్గర కూడా వదల్లేదు. ఎక్కువ ఔట్‌పుట్ అని రాసుకున్న ప్రతి దాన్నీ జనం ఆకాశానికెత్తేవారు. ఒకే మెచ్చుకోలు, ఒకే అక్షరదోషంతో సహా, మూడు వేరువేరు పేర్ల కింద కనిపించింది. వీడియోల్లో వినిపించే చప్పుడు పికప్‌దో, దాన్ని రికార్డు చేశాక కంప్యూటర్లో దిద్దినవాడిదో తేల్చుకోలేకపోయాను. చివరికి ఎవరి మాటా నమ్మక, ఏదీ కొనక, పాత పికప్‌లతోనే నెట్టుకొస్తుంటే మా లీడ్ గిటారిస్టే ఒకరోజు ఆఫీసు క్యాంటీన్‌లో నా ముందు ఒక డబ్బా పెట్టాడు.

పేరున్న విదేశీ కంపెనీ పికప్‌ల జత. నేను వెతికిన వాటిలో అన్నిటికన్నా బలమైన రకం. "నా గిటారుకి కొన్నాను. తర్వాత మనసు మారింది. వాడలేదు. నువ్వు తీసుకో" అన్నాడు. కొత్తది కొనే ధరలో సగానికే ఇస్తానన్నాడు. ఆరు వారాల అనుమానం ఆ ఒక్క మాటతో ఎటు పోయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అక్కడే డబ్బా విప్పి, పికప్‌లు ముందూ వెనకా ఫొటోలు తీసి డ్రమ్మరుకి పంపాను. వెంటనే కొనేశాను.

వాటిని బిగించే మనిషిని చూపించింది మా బేస్ వాయించేవాడు. వాట్‌గంజ్‌లో, ఓడల డాక్ గోడ వెనక సందులో, ఫ్యాన్లకూ మోటార్లకూ కాయిల్స్ చుట్టే మిస్త్రీ. ఒకప్పుడు ఓడల మీద వచ్చినవాళ్ళు తమ గిటార్లు, యాంప్లిఫయర్లు తెచ్చి బాగుచేయించుకునేవారట. అలా అతనికి ఆ పని కూడా పట్టుబడింది. అరవై దగ్గరపడిన మనిషి. ఇనుప మెట్లెక్కి వెళితే ఒకే ఒక గది. గోడ నిండా మేకులకు వేలాడే ఫ్యాన్ కాయిల్స్, గదంతా వార్నిష్ వాసన. హిందీ, బెంగాలీ కలిపి మాట్లాడతాడు. నన్ను దిది, అంటే అక్కా, అని పిలుస్తాడు.

డబ్బా విప్పి ఒక పికప్ వెనక్కి తిప్పి చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"దిది, ఎక్కడ కొన్నారు?"

"మా స్నేహితుడి దగ్గర."

"ఆచ్ఛా" అన్నాడు. అంతే. శనివారం రమ్మన్నాడు.

శనివారం వెళ్ళేసరికి గిటారు సిద్ధంగా ఉంది. పాత పికప్‌లు న్యూస్‌పేపర్లో విడివిడిగా చుట్టి, ఏది ఎక్కడిదో పైన పెన్సిల్‌తో రాసి ఇచ్చాడు. నేను గదిలోకి అడుగుపెట్టగానే పక్కనున్న రేకు డబ్బా మూత వేయడం మాత్రం గమనించాను.

మర్నాడు సాధనలో గిటారు తగిలించాను. చప్పుడు కొంచెం పెరిగింది. కానీ నేను ఆరు వారాలు చదివిన ఆ కరుకుదనం, తీగ మీటగానే ఛాతీకి తగలాల్సిన ఆ దెబ్బ లేదు. మూడు పాటలయ్యాక డ్రమ్మరు వైపు చూశాను. అతను మర్యాదగా తల ఊపాడు. ఆ మర్యాదే చెప్పేసింది.

మా నాన్న రైల్వేలో సిగ్నల్ మెయింటెయినర్‌గా రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేశాక అక్కడికి దగ్గర్లోనే చిన్న ఫ్లాట్ తీసుకున్నాం. సిగ్నళ్ళను నడిపే రిలేల్లో ఉండేవి కూడా ఇలాంటి కాయిల్సే. ముప్పై ఏళ్ళు వాటితోనే గడిపినవాడు. నేను ముఖం వేలాడేసుకుని రావడం చూసి, "ఏటమ్మా, కొత్త సామాను మోగలేదేటి?" అన్నాడు.

చెప్పాను. ఆయన లేచి తన పాత మల్టీమీటరు తెచ్చాడు. గిటారు కేబుల్ చివర మీటరు పుల్లలు రెండూ ఆనించి, తీగ నిరోధం ఎన్ని ఓములో చూశాడు. "దీన్నేటి ఉండాలన్నారు ఆ కంపెనీవోళ్ళు?" అని అడిగాడు. కంపెనీ రాసిన అంకె చూపించాను. మీటరు చూపించేది అందులో సగం.

"ఓములు సూసి బలం సెప్పలేమనుకో. సన్న తీగ సుడితే ఓములు పెరుగుతాయి, లావు తీగైతే తగ్గుతాయి. కానీ ఇంత తేడా ఎలాగొస్తాదీ?"

స్క్రూడ్రైవరు తీసుకుని బిగింపు విప్పి పికప్‌ను మెల్లగా పైకి లేపాడు. కళ్ళజోడు సవరించుకుని అంచు మీద గోరుతో గీశాడు. గోటికి తెల్లగా ఏదో అంటుకుంది. వాసన చూశాడు.

"మైనం" అన్నాడు. "కొత్త మైనం. ఇది ఇప్పీసినాడమ్మా."

"ఎవరు?"

"ఎవరేటి, నువ్విచ్చినోడే. కొత్త డబ్బాలోంచి వొచ్చిన సామానుకి కొత్త మైనం ఎందుకుంటాదీ? ఇప్పినాడు, లోపల కాయిల్ మార్చీసినాడు, మైనం పోసి మూసీసినాడు. లేదంటే మొత్తానికి మొత్తం మార్చీసినాడు."

ఆ క్షణంలో నాకు అన్నీ గుర్తొచ్చాయి. ఆ చూపు, ఆ "ఆచ్ఛా", ఎక్కడ కొన్నారన్న ప్రశ్న, రేకు డబ్బా మూత. దేనికదే చిన్న సంగతి. కలిపి చూస్తే నాకు దొంగ ముఖం కనిపించింది. పాత పికప్‌లు అంత జాగ్రత్తగా పేరు రాసి ఇచ్చినవాడు దొంగ ఎలా అవుతాడన్న ఆలోచన రాలేదు. వచ్చినా, మనల్ని నమ్మించడానికే అలా చేశాడని అనుకుని ఉండేదాన్ని.

లీడ్ గిటారిస్టుకి ఫోన్ చేశాను. నా మాట పూర్తి కాకుండానే, "వాట్‌గంజ్‌లో ఇచ్చావా? అక్కడ మార్చేస్తారని అందరికీ తెలుసు కదా. వెళ్ళి గట్టిగా అడుగు. పోలీసుల పేరు ఎత్తు, ఇచ్చేస్తాడు" అన్నాడు. అప్పుడు ఆ మాట నాకు ధైర్యమిచ్చింది.

వంటింట్లోంచి అమ్మ అంతా వింటూనే ఉంది. "అగ్గిపెట్టంత సామానుకి ఇంత పెద్ద మాటలేటి. ముందు ఆ మనిసిని అడగండి. అడక్కుండానే దొంగని సేసీసినారు" అంది.

ఆ శనివారం నాన్నా నేనూ బయల్దేరాం. బస్సు రెండో హుగ్లీ వంతెన దాటుతుంటే నేను ఏం మాట్లాడాలో లోపల్లోపల వల్లె వేసుకుంటున్నాను. సందు మొదట్లో ఆగి, ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. అతను ఏదైనా నోరు జారితే దొరుకుతుందని. నాన్నకు కూడా చెప్పలేదు.

మిస్త్రీ ఒక మోటారు కాయిల్‌కు నూలు కడుతున్నాడు. నన్ను చూసి నవ్వబోయి, వెనక నాన్నను చూసి ఆగిపోయాడు. నేను గిటారు సంచి విప్పకుండానే అడిగాను.

"దాదా, నేను ఇచ్చిన పికప్‌లు ఇవేనా?"

అతని చేతులు ఆగాయి. నూలు కొస నోట్లోంచి తీసి పక్కన పెట్టాడు.

"ఈ మాట అడుగుతారని నాకు ఆ రోజే తెలుసు దిది" అన్నాడు.

"ఎలా తెలుసు?"

"అవి డబ్బా మీద రాసినవి కావు. నకిలీవి. వెనక్కి తిప్పగానే తెలిసింది. అచ్చు వంకరగా ఉంది. అయస్కాంతానికి పట్టు లేదు. బిగించి యాంప్లిఫయర్‌కి పెడితే కీచుమని అరిచాయి. మంచి కంపెనీ పికప్‌కి లోపల మైనం పట్టిస్తారు, తీగలు కదలకుండా. వీటికి మైనమే లేదు. మీరు పది మందిలో వాయిస్తారు కదా, అరిస్తే పరువు పోతుందని నేనే మైనంలో ముంచాను."

నాన్న నా వైపు చూశాడు. నేను వెనక్కి తగ్గలేదు.

"మరి ఆ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీరేమంటారు? నేను అసలువే ఇచ్చాను, నువ్వే మార్చావంటారు. ఇదివరకు ఒకాయనకి చెప్పాను. ఆయన నలుగుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మెట్ల మీద నిలబడి కేకలేశాడు. నెల్లాళ్ళు ఈ సందులో ఎవరూ నాకు ఫ్యాన్ కూడా ఇవ్వలేదు. అప్పట్నించి నోరు మూసుకోవడం నేర్చుకున్నాను. ఎక్కడ కొన్నారని మిమ్మల్ని అడిగాను. స్నేహితుడన్నారు. ఇక నేనేం చెప్పను?"

బాగా తయారు చేసుకున్న కథ అనిపించింది నాకు. ప్రతి ప్రశ్నకీ జవాబు ముందే సిద్ధం చేసుకున్నట్టు ఉంది. "ఆ రోజు నేను రాగానే మూసిన రేకు డబ్బాలో ఏముంది?" అని అడిగాను. అతను దాన్ని నా ముందుకు జరిపి మూత తీశాడు. సగం తిన్న రొట్టె, ఉల్లిపాయ ముక్కలు, పొట్లంలో ఉప్పు. ఆడమనిషి వచ్చిందని తిండి మూసి పెట్టాడు, అంతే.

అయినా నాకు నమ్మకం కుదరలేదు. రొట్టె ఉన్నంత మాత్రాన అతను పికప్‌లు మార్చలేదని కాదు కదా. పోలీసుల మాట ఎత్తుదామని నోరు తెరవబోతుండగా నాన్న అడ్డం వచ్చాడు. ఆయన ముఖం అప్పుడు చూశాను. ఇంట్లో మీటరు పట్టుకుని కూర్చున్నప్పటి ముఖం కాదది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా యార్డులో సిగ్నల్ కేబుల్ పోయింది. రాగి కేబుల్, చాలా పొడుగు. స్టోరు తాళాలు ఉన్న ముగ్గురిలో నాన్న ఒకడు. విచారణ మొదలైంది. ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరు మనుషులు మా క్వార్టర్‌కి వచ్చారు. మంచం కింద ట్రంకు పెట్టె బయటికి లాగి, అమ్మ చీరలు ఒక్కొక్కటీ తీసి నేల మీద పెట్టారు. నాన్న సొంతంగా కొనుక్కున్న సోల్డరింగ్ సీసం చుట్ట ఒకటి దొరికితే, దాన్ని కాగితంలో చుట్టుకుని పట్టుకెళ్ళారు. తర్వాత చాలా నెలలు నాన్న వస్తుంటే కుళాయి దగ్గర ఆడవాళ్ళు మాట ఆపేసేవారు. నాతో ఆడుకునే పిల్లను వాళ్ళమ్మ పిలిచి లోపలికి తీసుకుపోయేది. ఆ తర్వాత ఎక్కడో వేరే చోట వేరే ముఠా దొరికింది. నాన్న తప్పేమీ లేదని ఒక కాగితం వచ్చింది. దాని గురించి ఆయన ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు, మేమూ అడగలేదు.

నాన్న నా వైపు తిరిగి తెలుగులో నెమ్మదిగా అడిగాడు.

"అమ్మా, నువ్వు కొన్నప్పుడు ఫొటో ఏదైనా తీసినావేటి?"

తీశాను. డ్రమ్మరుకి పంపాను కూడా. రెండు వారాలుగా ఆ ఫొటోలు నా చేతిలోనే ఉన్నాయి. తప్పులు పట్టడం నా వృత్తి. అయినా ఒక్కసారి తెరిచి చూడాలని తోచలేదు. ఫోన్ బయటికి తీశాను. రికార్డింగ్ ఇంకా నడుస్తోంది. ఎవరూ చూడకుండా ఆపి, ఫొటోలు తెరిచాను.

నాన్న గిటారు విప్పించాడు. మిస్త్రీ పికప్ బయటికి తీసి, వెనక్కి తిప్పి, బల్ల మీద బట్ట పరిచి దాని మీద పెట్టాడు. పక్కన నా ఫోన్. ముగ్గురం వంగాం. ఫొటోలో స్క్రూ రంధ్రం పక్కన కొడవలిలా వంపు తిరిగిన గీత ఒకటి ఉంది. బల్ల మీద ఉన్న దానికీ అక్కడే, అదే గీత. ఫొటోలో కంపెనీ పేరులో చివరి అక్షరం కిందికి జారి ఉంది. దీనికీ జారి ఉంది. వైరు అతికిన చోట సీసం బొట్టు పక్కకి కారి గడ్డకట్టిన తీరు కూడా అదే. రెండో పికప్ కూడా చూశాం. సందేహం లేదు. నేను క్యాంటీన్‌లో కొన్నవి ఇవే. డబ్బాలోంచి తీసినప్పుడే నకిలీవి.

మిస్త్రీ కళ్ళజోడు తీసి బనియను అంచుతో తుడుచుకున్నాడు. సారీ అన్నాను. ఆ మాట నా చెవికే చాలా చిన్నగా వినిపించింది.

నాన్న తనకొచ్చిన హిందీలో, మధ్యమధ్య బెంగాలీ కలిపి, "దాదా, తప్పు పిల్లది కాదు. మైనం చూసి మీ మీద మాట అన్నది నేను" అన్నాడు.

"బోసున్ దాదా, కూర్చోండి" అని మిస్త్రీ స్టూలు జరిపాడు. కింద టీ అంగడికి కేకేసి మూడు భాండాల టీ చెప్పాడు. మట్టి కప్పుల్లో టీ వచ్చేదాకా కాయిల్‌కి నూలు కడుతూనే ఉన్నాడు.

టీ తాగుతూ నాన్న ఆ కేబుల్ సంగతి అతనికి చెప్పాడు. ఇరవై ఏళ్ళలో మాకు చెప్పనిది, మొహం తెలియని మనిషికి, సరిగ్గా రాని భాషలో చెప్పాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చుని విన్నాను. విచారణ నడిచినన్నాళ్ళూ రోజూ డ్యూటీ దిగాక తన సంచి తనే గేటు దగ్గర తెరిచి చూపించి వచ్చేవాడట. ఎవరూ అడక్కపోయినా. కాగితం వచ్చాక కూడా ఒక ఏడాది అలాగే చూపించాడట. గేటు మనిషి ఒకరోజు, "ఇక వద్దు బాబూ, నాకు సిగ్గుగా ఉంది" అన్నాక మానేశాడట. మిస్త్రీ తల ఊపుతూ విన్నాడు.

తర్వాత అతను నా గిటారు వైపు చూసి, "ఇంతకీ మీకు కావలసిందేమిటి దిది? గట్టి చప్పుడేనా?" అన్నాడు.

"నేను వాయిస్తున్నానని వినపడాలి."

"అయితే డబ్బాలు వద్దు. మీ పాత పికప్ తెచ్చివ్వండి. దాని కాయిల్ విప్పి, ఇంకా సన్నని తీగతో ఎక్కువ చుట్లు చుడతాను. అయస్కాంతం గట్టిది వేస్తాను. మీ కళ్ళ ముందే చుడతాను. కూర్చుని చూడండి."

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. అతను గుచ్చాలని అనలేదేమో. ఇకమీదట ఎవరి పనైనా వాళ్ళ ముందే చేద్దామని అప్పుడే నిర్ణయించుకున్నట్టు అన్నాడు.

తిరుగు ప్రయాణంలో, వంతెన మీద, ఫోన్‌లోని రికార్డింగ్ తుడిచేశాను. నాన్న కిటికీలోంచి నది చూస్తున్నాడు. చూశాడో లేదో తెలియదు.

తర్వాతి మూడు శనివారాలు నాన్న వాట్‌గంజ్‌లోనే గడిపాడు. నాకు కుదిరిన రోజు నేనూ వెళ్ళాను. ముందు నకిలీ పికప్‌లు విప్పారు. లోపల తీగ లావుగా ఉంది, చుట్లు తక్కువ. "పైన పేరే ఉంది, లోపలేటీ లేదు" అన్నాడు నాన్న. చెయ్యి అలవాటు కావడానికి ఆ ఖాళీ ఫ్రేముల మీదే సన్న తీగ చుట్టి చూశారు. మిస్త్రీ దగ్గర కుట్టుమిషను మోటారుతో చేసిన చుట్టే యంత్రం ఉంది. చుట్ల సంఖ్య దానికదే పడుతుంది. కానీ తీగను వేళ్ళ మధ్య నడిపించే పని మనిషిదే. బిగువు ఎక్కువైతే తెగుతుంది, తక్కువైతే వదులుగా పేరుకుంటుంది. మిస్త్రీ చూపు ఆ సన్న తీగకు ఇప్పుడు సరిగ్గా ఆనడం లేదు. నాన్న వేళ్ళు ఇంకా వణకవు.

నా అసలు పికప్‌కి మొదటిసారి చుట్టినప్పుడు సగం దాటాక తీగ తెగిపోయింది. ఇద్దరూ మొత్తం విప్పేసి మళ్ళీ మొదలుపెట్టారు. రెండోసారి నాన్న ఊపిరి బిగబట్టి కూర్చోవడం చూశాను. చివరి చుట్టు పడ్డాక మిస్త్రీ మోటారు ఆపి, కొస నాన్న వేళ్ళలోంచి అందుకుని అతికాడు. మైనం కరిగించిన గిన్నెలో పికప్‌ను వేలాడదీశాడు. చిన్న బుడగలు పైకొచ్చి ఆగిపోయాయి. "ఊపిరి అయిపోయింది, ఇక అరవదు" అన్నాడు.

ఇంట్లో అమ్మకు మాత్రం ఈ శనివారాల మీద కొత్త అనుమానం పట్టుకుంది. "నిజంగా అక్కడికేనా ఎల్తన్నాడు? ఈ వయసులో ఆ డాకుల్లో ఏటి పనే?" అని నన్ను పక్కకి పిలిచి అడిగింది. నాలుగో వారం ఆమెనూ తీసుకెళ్ళాను. మేకులకు వేలాడే కాయిల్స్ చూసి, స్టూలు మీద కూర్చుని టీ తాగి, మా వంటింటి ఫ్యాన్ కూడా తిరగడం లేదని మిస్త్రీకి తెలుగులోనే చెప్పింది. అతనికి ఎలాగో అర్థమైంది.

ఆ ఆదివారం గిటారు తీసుకుని సాధనకి వెళ్ళాను. మొదటి పాటలో నా వంతు వచ్చి తీగల మీద చెయ్యి వేయగానే డ్రమ్మరు కొట్టడం తప్పాడు. ఆపి, నవ్వి, "మళ్ళీ" అన్నాడు. నా చప్పుడు నాకే కొత్తగా ఉంది. కంపెనీ పికప్‌ల వీడియోల్లో విన్నట్టు నున్నగా లేదు. గరుకుగా, కొంచెం మొరటుగా ఉంది. కానీ ఉంది.

విరామంలో లీడ్ గిటారిస్టు దగ్గరికొచ్చాడు. "చూశావా, గట్టిగా అడిగితే అసలువి ఇచ్చేశాడు" అన్నాడు.

"ఇవ్వలేదు. అతను మార్చలేదు. నువ్విచ్చినవే నకిలీవి" అన్నాను. క్యాంటీన్‌లో తీసిన ఫొటోతో సహా జరిగిందంతా చెప్పాను. అతను వింటున్నంతసేపూ తన గిటారు తీగలు శ్రుతి చేస్తూనే ఉన్నాడు. అవి శ్రుతిలోనే ఉన్నాయి.

"తెలిసే ఇచ్చావా?" అని అడిగాను.

తల ఎత్తకుండా అన్నాడు. "తెలియదు. అనుమానం ఉండేది. అచ్చు వంకరగా ఉంటే చూశాను. అందుకే నా గిటారుకి పెట్టుకోలేదు."

"నాకు మాత్రం పెట్టుకోమన్నావు. ఆ మిస్త్రీ దగ్గర పోలీసుల పేరు కూడా ఎత్తమన్నావు."

"నీకు బాగానే వినిపిస్తాయేమో అనుకున్నాను" అన్నాడు. తర్వాత, "ఆ జత తెచ్చివ్వు. నేను కొన్నచోటికి తిరిగి పంపిస్తాను. నీ డబ్బు నీకిచ్చేస్తాను" అన్నాడు.

తిరిగి పంపుతాడో, ఇంకెవరికైనా క్యాంటీన్‌లో డబ్బా విప్పి చూపిస్తాడో నాకు తెలియదు. అడగలేదు. "అవి లేవు. చుట్టడం అలవాటు చేసుకోవడానికి విప్పేశారు" అని చెప్పాను.

అతను శ్రుతి చేయడం ఆపి నన్ను చూశాడు. "రెండూనా?"

"రెండూ."

"నిజంగా?"

మిస్త్రీ బల్ల ముందు నిలబడి నేను చూసిన చూపే అది. నేను అబద్ధం చెబుతున్నానని, ఆ పికప్‌లు ఎక్కడో దాచుకున్నానని అనుకుంటున్నాడు. నిజమేనని మళ్ళీ చెప్పబోయి ఊరుకున్నాను. డ్రమ్మరు కర్రలు రెండూ కొట్టి లెక్క మొదలుపెట్టాడు. ఇద్దరం వాయించాం. అతను ఇంకా మా బ్యాండ్‌లోనే ఉన్నాడు. మేం మంచిగానే మాట్లాడుకుంటాం. కానీ ఆ తర్వాత ఎప్పుడూ అతను నాకు ఏమీ అమ్మజూపలేదు, నేనూ అతన్ని ఏది కొనాలా అని సలహా అడగలేదు.